నేల ఉసిరి మంచిదే, ముందు ఏ కామెర్లో తేలనివ్వండి

వానలు పడి చేల గట్లు పచ్చబడితే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే మొక్క చుట్టూ తిరుగుతాయి. ఈసారీ అంతే. కడుపు, కాలేయం, కామెర్లు అంటూ వచ్చినవాటిలో నేల ఉసిరి ప్రస్తావన ఉన్నవన్నీ ఏరి ఒకచోట పెట్టాను. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఊళ్ళు మాత్రమే వేశాం.

ప్రశ్న: మా ఆయనకి 44 ఏళ్ళు. వరి పనికీ, కొబ్బరి దింపుకీ వెళ్తారు. వారం కిందట జ్వరం, వాంతులు వచ్చి తగ్గాక కళ్ళు పచ్చబడ్డాయి. బిలిరుబిన్ 7.8 ఉందన్నారు. మా అత్తగారు గట్టు మీద నేల ఉసిరి పీక్కొచ్చి మజ్జిగలో నూరి ఇస్తున్నారు. పక్క ఊళ్ళో ఆదివారం పసరు పోస్తారట, అక్కడికీ తీసుకెళ్దామంటున్నారు. మా అబ్బాయేమో ఆసుపత్రికే అంటాడు. ఎవరి మాట వినాలండీ?
— మలికిపురం దగ్గర నుంచి ఒక సోదరి

జవాబు: మీ అబ్బాయి మాట వినండమ్మా. ఉత్తరం అందిన రోజే ఈ సంగతి మీకు ఫోన్లో చెప్పాం, మిగతావాళ్ళ కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి, ఆవిడ ఇస్తున్న మొక్క చెడ్డదేం కాదు. ఆయుర్వేదం చదువుకున్నవాడిగా నేనూ అది వాడిస్తాను. కాకపోతే వాడించే ముందు ఇవి ఏ కామెర్లో తెలుసుకుంటాను, అదీ తేడా.

కామెర్లు అనేవి ఒక జబ్బు కాదు, లోపల ఏదో జబ్బు ఉందని బయటికి కనిపించే గుర్తు. పాతబడిన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది, కాలేయం దాన్ని పైత్యరసంలో కలిపి పేగులోకి పంపించేస్తుంది. ఆ పని ఎక్కడ ఆగినా కళ్ళు పచ్చబడతాయి. కాలేయానికి వైరస్ పట్టినా, ఏళ్ళ తరబడి సారా తాగినా, ఏదో మాత్ర పడకపోయినా, పిత్తాశయంలో రాయి జారి గొట్టానికి అడ్డం పడినా, ముసలివాళ్ళలో క్లోమం దగ్గర గడ్డ లేచినా బయటికి కనిపించేది ఆ పసుపే. గొట్టం మూసుకుపోయిన మనిషికి ఏ ఆకు నూరి పోసినా గొట్టం తెరుచుకోదు. ఒళ్ళంతా దురద, మలం సున్నంలా తెల్లగా రావడం ఉంటే ఆ అనుమానం పడాలి, వెంటనే స్కానింగ్ తీయించాలి.

మీ ఆయన విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది. సార్వా నాట్లప్పుడు బురదలో దిగి పనిచేసేవాళ్ళకి ఎలుక జ్వరం వస్తుంది. పెద్దాసుపత్రుల్లో దీన్నే లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో కాళ్ళు నానితే, చర్మం మీది చిన్న గాయాల్లోంచి ఆ క్రిమి ఒంట్లోకి దిగుతుంది. జ్వరం, పిక్కలు పట్టేసినట్టు నొప్పి, కళ్ళు ఎర్రబడటం, కొందరికి ఆ తర్వాత కామెర్లు, మూత్రం తగ్గిపోవడం. త్వరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తో పోతుంది, అశ్రద్ధ చేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. దీన్ని కూడా ఇంట్లో అందరూ కామెర్లనే అంటారు, పసరుకే తీసుకెళ్తారు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆయన పొలం బురదలో పనిచేస్తారన్న మాట డాక్టరుగారికి మీరే చెప్పాలి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

అది కాదని తేలితే, మన వైపు ఎక్కువగా కనిపించేవి నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ అనే కాలేయపు వైరస్ జబ్బులు. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటుతుంది, మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు గట్ల మీద పేరుకున్న చెత్తంతా కలిసి వస్తుంది, ఆపైన వరదలొస్తే లంకల్లో బోరుకీ మరుగుదొడ్డికీ మధ్య తేడా ఉండదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు కాబట్టి ఇన్ని కాలువలు, ఇంత వరి, అందులో సందేహం లేదు. కానీ కాలువ నీళ్ళు కాచకుండా తాగమని ఆయన కూడా చెప్పలేదు. బాగా కళపెళలాడేదాకా మరిగించి చల్లార్చిన నీళ్ళే తాగండి, జబ్బు మనిషి ఒక్కరే కాదు, ఇంటిల్లిపాదీ.

ఈ ఎ, ఇ రకాల్లో నూటికి తొంభై మందికి పైగా ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో కోలుకుంటారు. పసరు పోసేవాళ్ళ పేరు ప్రతిష్ఠలన్నీ దీని మీదే నిలబడ్డాయి. జబ్బు దానంతట అది దిగుతుంది, ఆ వారంలో ఎవరు ఏం పోశారో వాళ్ళకి పేరొస్తుంది. దిగనివాళ్ళు తిరిగొచ్చి చెప్పరు, చెప్పే స్థితిలో ఉండరు. కొన్నిచోట్ల ఇంకో తంతు ఉంటుంది, చేతులకి ఏదో రాసి సున్నం నీళ్ళలో కడిగిస్తే పచ్చటి నీళ్ళు దిగుతాయి, చూశావా కామెర్లు కారిపోతున్నాయి అంటారు. ముందే చేతికి రాసిన చెట్టు బెరడు రసం సున్నానికి తగిలి రంగు మారుతుంది, అంతే. మీకు గానీ నాకు గానీ, ఏ జబ్బూ లేనివాళ్ళకి రాసి కడిగినా అదే పసుపు వస్తుంది. ఆ పసరులో ఏముందో చెప్పరు, చెబితే పనిచేయదంటారు. కడుపులోకి పోసేది ఏమిటో తెలియకుండా, అందులోనూ దెబ్బతిన్న కాలేయం ఉన్న మనిషికి, నేనైతే పోయించను. విరేచనాలు పట్టుకుని నీరసించి ఆసుపత్రిలో పడినవాళ్ళు ఉన్నారు. ఇక చేతి మీద వాతలు, ముక్కులో పసరు గురించి రాయడానికే మనసొప్పడం లేదు.

నేల ఉసిరి సంగతికొద్దాం. సమూలంగా పీకి, మట్టి పోయేలా నాలుగైదుసార్లు కడిగి, నూరి పిండిన రసం పెద్దవాళ్ళకి రోజుకి 10 నుంచి 20 మిల్లీలీటర్లు, పొడి అయితే 3 నుంచి 6 గ్రాములు అని ఆయుర్వేద లెక్క. మజ్జిగలో ఇవ్వడం మన దగ్గర అలవాటు, బాగానే ఉంటుంది. గ్లాసుడు గ్లాసుడు పట్టించడం వల్ల త్వరగా తగ్గదు, వాంతులు ఎక్కువవుతాయి. పరీక్షలు చేయించి, డాక్టరుగారికి చెప్పి, ఆయన ఒప్పుకుంటే ఇచ్చుకోండి. చెప్పకుండా మాత్రం ఇవ్వొద్దు, ఎందుకంటే రేపు రక్త పరీక్షలో కాలేయం దెబ్బని చూపించే ఎంజైములు పెరిగితే జబ్బు వల్లా, మందు వల్లా, ఆకు వల్లా అన్నది ఆయనకి తెలియాలి.

పథ్యం గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో ఈపాటికే మొదలుపెట్టి ఉంటారు. ఉప్పు లేని చప్పిడి కూడు, నూనె బొట్టు లేకుండా నలభై రోజులు పెట్టి మనిషిని ఎండగట్టకండి. అన్నం, పప్పు, పెరుగు, ఉడికించిన కూరలు, తినగలిగితే గుడ్డు, అన్నీ పెట్టొచ్చు. పసుపు వేసిన కూర తింటే పచ్చదనం పెరుగుతుందన్నది ఒట్టి మాట. కొబ్బరిబొండాం మంచిది, మన దగ్గర దొరక్కపోవడమన్నది లేదు. చెరుకు రసం మాత్రం బండి దగ్గర తాగొద్దు, అందులో వేసే ఐసు ఏ నీళ్ళతో చేశారో ఎవరికీ తెలియదు, కామెర్లకి మందనుకుని తాగేదే కామెర్లు తెచ్చిపెట్టేదీ అవ్వొచ్చు. ఒకటి రెండు వారాల తర్వాత మనిషికి ఆకలి పుట్టి లేచి తిరుగుతున్నా కళ్ళలో పసుపు ఇంకా ఉంటే కంగారు పడకండి. బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని ఉండిపోతుంది, అది కరగడానికి టైం పడుతుంది.

అర్ధరాత్రయినా సరే ఆటో మాట్లాడుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సిన గుర్తులు ఇవి: పగలు మత్తుగా పడుకుని రాత్రి మేలుకోవడం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, చిగుళ్ళ నుంచీ ముక్కు నుంచీ రక్తం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం. రక్తం గడ్డకట్టే టైం చూసే పీటీ, ఐఎన్ఆర్ పరీక్ష తప్పకుండా చేయించండి. బిలిరుబిన్ అంకె కన్నా అదే ఎక్కువ చెబుతుంది. అందరూ బిలిరుబిన్ ఎంత అని అడుగుతారు గానీ దీని సంగతి ఎవరూ అడగరు.

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదో నెల. పురిటికి మా ఇంటికొచ్చింది. రెండు రోజుల్నుంచి మూత్రం పచ్చగా, కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి. కడుపుతో ఉంది కదా, ఇంగ్లీషు మందులెందుకు, నేల ఉసిరి ఇవ్వొచ్చా?
— కొత్తపేట నుంచి ఒక తల్లి

జవాబు: ఇవ్వొద్దు. ఏమీ ఇవ్వకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, కాన్పులూ ఐసీయూ రెండూ ఉన్నచోటికి. మామూలు మనిషికి వచ్చి పోయే హెపటైటిస్ ఇ చివరి మూడు నెలల గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులకి కామెర్లు ఇంకో రెండు మూడు కారణాల వల్ల కూడా వస్తాయి, అందులో కొన్నిటికి వెంటనే కాన్పు చేయాల్సి ఉంటుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి నేల ఉసిరి నేను ఏ నెలలోనూ ఇవ్వను. ఈ ఉత్తరానికీ అందిన రోజే ఫోన్ చేశాం, అమ్మాయి ఆసుపత్రిలో చేరిందని తెలిసింది.

ప్రశ్న: నేను రిటైరైన సైన్సు టీచర్ని. హెపటైటిస్ బి వైరస్‌ని నేల ఉసిరి పోగొడుతుందని మద్రాసులో పరిశోధన చేసి నిరూపించారనీ, అది విదేశీ పత్రికలో కూడా వచ్చిందనీ ఎప్పుడో చదివాను. మా తమ్ముడికి బి పాజిటివ్. మూడేళ్ళుగా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాడు. ఇప్పుడు మాత్ర మానేసి మూలిక వాడతానంటున్నాడు. మన శాస్త్రాన్ని తొక్కేస్తున్నారా, నిజంగానే పనిచేయదా?
— పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మీరు చదివింది నిజం. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మద్రాసులో త్యాగరాజన్ గారి బృందం చేసిన పని. బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్ళకి నేల ఉసిరి పొడి ముప్పై రోజులు ఇచ్చారు. మందు పడిన 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ పైపొర గుర్తు కనిపించకుండా పోయింది, ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ఆ వ్యాసం రాసినవాళ్ళలో బ్లంబర్గ్ కూడా ఉన్నాడు. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ తీసుకున్న ఆయనే. అంతటివాడు ముందుండి మన గట్టు మీది మొక్కని లోకానికి చూపించాక తొక్కేశారనడం ఎలా కుదురుతుంది చెప్పండి? తొక్కలేదు, చాలా దేశాలవాళ్ళు ఎగబడి మళ్ళీ చేసి చూశారు. ఆ తర్వాతే చిక్కొచ్చింది. థాయ్‌లాండ్‌లో చేస్తే ఆ ఫలితం రాలేదు. ఇంకొన్ని చోట్లా రాలేదు. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట చేర్చి 2011లో, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కోక్రేన్ సంస్థవాళ్ళు చూస్తే, ఉత్తుత్తి మందు కన్నా మేలని నమ్మకంగా చెప్పే ఆధారం లేదని తేలింది. మీరు పిల్లలకి చెప్పే ఉంటారు, ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట ఇంకొకరు చేసినా రావాలని. అది రాలేదు. మొక్క జాతి తేడానా, నేల తేడానా, పీకిన కాలమా అని చర్చలు నడిచాయి గానీ, మందు అన్నాక ఏ ఊళ్ళో పీకితే పనిచేస్తుందో చూసుకుంటూ కూర్చోలేం కదా.

మన శాస్త్రం అన్నారు కాబట్టి ఇంకో మాట. చరక సంహితలో ఈ మొక్క తామలకి అన్న పేరుతో దగ్గునీ ఆయాసాన్నీ తగ్గించే మూలికల వరసల్లో ఉంటుంది. చ్యవనప్రాశంలో కూడా వేస్తారు. కామెర్లకి వాడటం కూడా పాత అలవాటే, కాదనను. హెపటైటిస్ బి వైరస్‌ని చంపుతుందని మాత్రం ఏ ఋషీ చెప్పలేదు, ఆయనకి ఆ వైరస్ తెలియదు.

మీ తమ్ముడి సంగతి ఇంతకన్నా ముఖ్యం. రోజూ వేసుకునేది టెనోఫోవిర్ లాంటి మాత్ర అయి ఉంటుంది. అది ఉన్నట్టుండి ఆపేస్తే అణిగి ఉన్న వైరస్ ఒక్కసారి పైకి లేచి కాలేయం పూర్తిగా దెబ్బతిని ప్రాణం మీదకి రావచ్చు. మూలికే వేసుకోవాలనుంటే డాక్టరుకి చెప్పి మాత్రతో పాటు వేసుకోమనండి, మాత్ర మాత్రం ఆపకూడదు. ఖర్చు గురించి మానేస్తానంటుంటే, 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండిటికీ పరీక్షలూ మందులూ ఉచితం, జిల్లా ఆసుపత్రిలో గానీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గానీ అడగమనండి. అలాగే మీరూ, ఆయన భార్యాపిల్లలూ అందరూ ఒకసారి పరీక్ష చేయించుకుని, లేనివాళ్ళు టీకా వేయించుకోండి. పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి తొంభై అయిదు మంది దాకా వదిలించుకుంటారు, పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే తొంభై శాతం పిల్లల్లో ఉండిపోతుంది. పుట్టిన 24 గంటల్లోపు టీకా వేసేది అందుకే. మీ ఇళ్ళల్లో కాన్పు ఉంటే ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు సి రకం ఉన్నవాళ్ళు కూడా ఈ మధ్య నాకు రాస్తున్నారు, నేల ఉసిరి వాడమంటారా అని. సి రకానికి ఇప్పుడు మూడు నెలల మాత్రల కోర్సుతో నూటికి తొంభై అయిదు మందికి పూర్తిగా పోతోంది. ఇంకా ఆకులు నూరుకుంటూ కూర్చోవడం దేనికి?

ప్రశ్న: మా చేల గట్ల మీద, కొబ్బరితోటలో బోదెల పక్కన నేల ఉసిరి విపరీతంగా ఉంటుంది. ఊళ్ళో అందరూ మా తోటలోనే పీక్కెళ్తారు. ఒకరు ఇది అసలుది కాదంటారు, ఒకరు ఎర్ర కాడది మంచిదంటారు. ఏది నిజం? పొడి చేసి అమ్మితే గిట్టుబాటవుతుందా?
— మండపేట వైపు నుంచి ఒక రైతు

జవాబు: మొక్క కన్నా ముందు గట్టు గురించి మాట్లాడుకుందామండీ. గట్ల మీద గడ్డిమందు కొడుతున్నారా లేదా? ఇప్పుడు కలుపు తీసే కూలీలు దొరక్క సార్వాకీ దాళ్వాకీ ప్రతి గట్టు మీదా గ్లైఫోసేట్ గానీ పారాక్వాట్ గానీ కొట్టేస్తున్నారు, తోటల్లోనూ అంతే. పారాక్వాట్ మనిషి లోపలికి వెళ్తే విరుగుడు లేదు, ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. మందు కొట్టిన వారంలో పచ్చగా కనిపించిన మొక్కని పీక్కెళ్ళి కాలేయం బాగుపడాలని తాగడం కన్నా పిచ్చి పని లేదు. చేపల చెరువుల గట్లు, రోడ్డు పక్కన, మురుగు కాలువ వెంట ఉన్నదీ వద్దు. మీ తోటలోంచి ఊరంతా పీక్కెళ్తున్నారంటున్నారు కదా, మీరు కొట్టిన రోజున వాళ్ళకి చెప్పండి, చెప్పకపోతే ఆ పాపం మీకే. ఇంట్లో వాడకానికి నాలుగు కుండీల్లో పెంచుకోవడం తేలిక. కాయ ముదిరితే పగిలి గింజలు వాటంతట అవే చుట్టూ చిమ్ముతాయి, ఒకసారి వస్తే పెరట్లోంచి పొమ్మన్నా పోదు.

ఇక గుర్తుపట్టడం. నేల ఉసిరి పేరుతో మన వైపు దగ్గర దగ్గర పోలికలున్న జాతులు రెండు మూడు ఉన్నాయి. ఎక్కువగా మందుకి వాడేది ఫిల్లాంథస్ అమారస్. జానెడు నుంచి మూరెడు దాకా పెరుగుతుంది, సన్నటి రెమ్మలకి రెండు వైపులా చింతాకు లాంటి చిన్న ఆకులు, రాత్రి ముడుచుకుంటాయి. రెమ్మ తిప్పి చూస్తే కింద వరసగా ఆవగింజ కన్నా కొంచెం పెద్ద కాయలు వేలాడతాయి. ఆ కాయకి చిన్న కాడ ఉండి పైన నున్నగా ఉంటే ఇదే. కాయ కాడ లేకుండా రెమ్మకి అతుక్కుపోయి, పైన గరుకుగా బుడిపెలు ఉండి, మొక్కకి ఎర్రటి ఛాయ ఉంటే అది ఫిల్లాంథస్ యూరినేరియా అనే ఇంకో జాతి, మీవాళ్ళు ఎర్ర కాడది అనేది బహుశా అదే. ఇంకొక రకానికి ఆకులు పొడుగ్గా ఉండి కాయలు కాస్త పెద్దవి. ఇవేవీ విషాలు కావు, వాటినీ నాటు వైద్యంలో వాడేవాళ్ళున్నారు, కానీ అమారస్‌లో ఉన్న ఫిల్లాంథిన్ లాంటి పదార్థాలు అన్నిట్లోనూ ఒకేలా ఉండవు. నోట్లో వేసుకుంటే అమారస్ గట్టి చేదు, అంతమాత్రాన చేదుగా ఉన్నదల్లా అదే అనుకోవద్దు.

అమ్మకం విషయానికొస్తే, మూలికల కొట్లకి వచ్చే సరుకులోనే ఈ కలగాపులగం ఉంది. దక్షిణాది కొట్లలో నేల ఉసిరి నమూనాలు కొని డీఎన్ఏ పద్ధతిలో చూస్తే దాదాపు నాలుగో వంతులో అసలైన అమారస్ బదులు దాని చుట్టాలున్నాయని ఒక పరిశోధనలో బయటపడింది. మీరు ఒకే జాతి వేసి, గడ్డిమందు లేకుండా పెంచి, కాయ పట్టాక పీకి నీడన ఆరబెట్టి ఇవ్వగలిగితే మందుల కంపెనీలతో మాట్లాడుకోవచ్చు. ఎండలో వేయొద్దు. కాడల కన్నా ఆకుల్లో సారం ఎక్కువ, ఆరేటప్పుడు ఆకులన్నీ రాలి కట్టెలు మిగిలితే దానికి రేటు రాదు. పొడి కొట్టి సీసాల్లో పోసి మందని అమ్మాలంటే మాత్రం లైసెన్సు కావాలి. సరుకు ఎవరు కొంటారో మాట్లాడుకోకుండా ఎకరాలకి ఎకరాలు వేయకండి.

ప్రశ్న: నాకు 31. ఆక్వాలో పని. స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అన్నారు. వారానికి రెండు మూడుసార్లు ఫ్రెండ్స్‌తో మందు కూర్చుంటాం. నేల ఉసిరి, గుంటగలగర కలిపిన లివర్ టానిక్ పొద్దునా రాత్రీ తాగుతున్నాను, లివర్‌కి కాపు ఉంటుంది కదా?
— భీమవరం

జవాబు: ఉండదు బాబూ. పగలు చిల్లు పొడుస్తూ రాత్రి అతుకు వేసుకునే పడవలో గోదారి దాటుదామంటున్నావు. ఎలుకలకి కాలేయాన్ని పాడుచేసే విషం ఇచ్చి, దాంతోపాటు నేల ఉసిరి ఇస్తే దెబ్బ కొంత తగ్గిందని ప్రయోగశాలల్లో చూశారు, టానిక్ సీసాల మీద రాసుకునేది దాని బలం చూసుకునే. మనిషి వారానికి మూడుసార్లు తాగుతూ టానిక్ వేసుకుంటే కాలేయం క్షేమంగా ఉందని ఎవరూ చూపించలేదు. టానిక్ వల్ల నీకు జరుగుతున్న నష్టం ఏంటంటే, అది ఉందన్న ధైర్యంతో ఇంకో రౌండ్ పోసుకుంటున్నావు. గ్రేడ్ వన్ అంటే ఇంకా చేతిలో ఉన్న దశే. తాగుడు ఆపి, ఒంటి బరువులో నూటికి 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వూ వాపూ బాగా తగ్గుతాయి, 80 కిలోలుంటే దాదాపు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మూడు పూటలా గుట్టగా తెల్లన్నం, సాయంత్రం కూల్‌డ్రింకు, పండగకి పూతరేకులు డబ్బాలు డబ్బాలు, ఇవి తగ్గించకుండా చేదు రసాలు తాగి లాభం లేదు. తాగిన మర్నాడు తలనొప్పికి పారాసెటమాల్ ఇష్టం వచ్చినట్టు మింగడం కూడా మానేయి. ఆర్నెల్ల తర్వాత స్కానింగ్, ఎంజైములు మళ్ళీ చూపించుకుని అప్పుడు రాయి.

ప్రశ్న: షుగరుకి రెండు మాత్రలు, బీపీకి ఒకటి వేసుకుంటాను. నేల ఉసిరి రోజూ పరగడుపున తాగితే షుగరు కూడా తగ్గుతుందంటున్నారు.
— అమలాపురం

జవాబు: తగ్గించే గుణం కొంత ఉండొచ్చు, భయమూ అక్కడే. మాత్ర ఒకపక్క, ఇది ఒకపక్క లాగితే షుగరు పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. మూత్రం ఎక్కువగా పోయించే గుణం కూడా ఉంది కాబట్టి బీపీ మాత్రతో కూడా చూసుకోవాలి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళూ అంతే. మీ డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి.

ప్రశ్న: వయసు 62. ఆరు నెలల్నుంచి తిన్నది అరగడం లేదు, పొట్ట బరువు, ఆకలి చచ్చిపోయింది. లివర్ బద్ధకం అని చెప్పి ఒకాయన నేల ఉసిరి, తిప్పతీగ కలిపిన పొడి ఇచ్చారు. రెండు నెలలు వాడాను. ఆరు కిలోలు తగ్గాను కూడా. ఇంకా కొనసాగించాలా?
— రామచంద్రపురం

జవాబు: పొడి ఆపేయండి. అరవై దాటాక కొత్తగా అజీర్ణం మొదలై, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే దానికి ముందు ఎండోస్కోపీ చేయించాలి. ఏమీ లేదని తేలితే మంచిదే, ఏదైనా ఉంటే త్వరగా దొరుకుతుంది. లివర్ బద్ధకం అనే జబ్బు ఏ వైద్యంలోనూ లేదు, ఆకలి లేకపోతే అందరికీ తగిలించే పేరది. తిప్పతీగ గురించి ఇంకో సంగతి. కరోనా రోజుల్లో జనం నెలల తరబడి దాని కషాయం తాగారు, ఆ తర్వాత కొందరికి కాలేయం వాచిందని ముంబయి డాక్టర్లు 2021లో రాశారు. ఆయుష్ శాఖ మాత్రం అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగ అయి ఉంటుందని వాదించింది. వాదన ఎవరిదైనా, దెబ్బతిన్నది మనిషి కాలేయం. పొడి రూపంలో ఉన్నదాంట్లో ఏ తీగ ఉందో కంటితో చెప్పగల వైద్యుణ్ణి నేనింతవరకూ చూడలేదు. రక్త పరీక్షకి వెళ్ళేటప్పుడు ఆ పొడి ప్యాకెట్టు కూడా పట్టుకెళ్ళి చూపించండి, కాలేయం పనితీరు చూసే ఎల్ఎఫ్‌టీ పరీక్ష చేయించండి.

పరీక్షలన్నీ బాగున్నాయంటే మాత్రం మామూలు అజీర్ణానికి నేల ఉసిరితో పనేమీ లేదు. రాత్రి భోజనం ఎనిమిదికల్లా ముగించి, తినగానే పడక ఎక్కకుండా, మధ్యాహ్నం అన్నంలో చివర శొంఠి కొంచెం, వాము కొంచెం వేసిన పల్చటి మజ్జిగ తాగి ఒక నెల చూడండి. ఎండోస్కోపీ రిపోర్టు వచ్చాక దాని నకలు జత చేసి మళ్ళీ ఉత్తరం రాయండి.